కట్టుడు పళ్ళ అప్పలసూరి

విజయనగరం కోట వెనక సందులో, జిరాక్స్ షాపు పైన ఉన్న రెండు గదుల్లో అప్పలసూరి ఇరవై ఆరేళ్ళుగా మనుషులకు కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళుగానూ కోపంగానే ఉన్నాడు.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. పళ్ళు పెట్టించుకున్న ముసలాయన అద్దంలో చూసుకుని మురిసిపోతే "డాక్టరు గారు భలే చేశారు" అంటాడు. చిగురు పుండైతే మాత్రం "ల్యాబ్ వాడు పాడు చేశాడమ్మా" అని ఆ డాక్టరే చెబుతాడు. మెప్పు ఒకరికి, తిట్లు ఇంకొకరికి. పేరూ మొహమూ తెలియని మనిషి మీదికి తప్పు తోసెయ్యడం ఎంత సులువో చూడండి. రోగి అప్పలసూరిని చూడడు, అప్పలసూరి రోగిని చూడడు. ఇద్దరి మధ్యా తిరిగేది బస్సులో వచ్చే అట్టపెట్టె ఒక్కటే.

ఆ పెట్టెలో నోటి అచ్చులు రెండు ఉంటాయి, పై దవడదొకటి, కింది దవడదొకటి. వాటి మీద గులాబీ రంగు మైనంతో కట్టిన గట్లు రెండు ఉంటాయి. పళ్ళు లేని మనిషి నోరు మూస్తే పై దవడకి కింది దవడ సరిగ్గా ఎక్కడ ఆనుతుందో ఆ మైనపు గట్లు కలిసే తీరే చెప్పాలి. దాన్ని బైట్ అంటారు. ఆ బైట్ ప్రకారం అచ్చులు రెండింటినీ ఆర్టిక్యులేటర్ మీద ప్లాస్టర్‌తో బిగిస్తే అప్పుడు అప్పలసూరి పని మొదలవుతుంది. ఆర్టిక్యులేటర్ అంటే ఇనుప దవడ అనుకోండి. పైన ఒక చట్రం, కింద ఒక చట్రం, మనకి చెవుల ముందు కీళ్ళు ఉన్న చోట దానికీ రెండు కీళ్ళు. ముందు వైపు ఒక పిన్ను ఉంటుంది. రెండు చట్రాల మధ్య ఎత్తు తగ్గకుండా, పెరగకుండా చూసేది అదే. ఆ పిన్ను కింద ఉన్న చిన్న పళ్ళెంలో ఆని నిలబడితేనే పైన పేర్చిన పళ్ళు సరిగ్గా ఉన్నట్టు.

అతని బల్ల మీద మూడు రకాల ఆర్టిక్యులేటర్లు ఉన్నాయి. ఒకటి ఉత్త కీలుది. తలుపులాగా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, అంతే. మనిషి నమిలేటప్పుడు దవడ పక్కకి కూడా పోతుందన్న సంగతి దానికి పట్టదు. రెండోది మీన్ వాల్యూ. చాలామంది దవడలు కొలిచి, సగటు తీసి తయారు చేసిన రకం. రోజూ పని నడిచేది దీని మీదే. మూడోదానికి కీళ్ళ వాలు కూడా మనిషిని బట్టి మార్చుకోవచ్చు. కానీ దానికి ముందు డాక్టరు ఫేస్‌బో అనే కొలత చట్రాన్ని రోగి చెవుల దగ్గర ఆనించి, పై దవడ ఎక్కడుందో కొలిచి పంపాలి. అప్పలసూరి దాన్ని మోజుపడి తెప్పించి ఎనిమిదేళ్ళయింది. ఎనిమిదేళ్ళలో ఒక్క డాక్టరు కొలత పంపలేదు. "అంత టైమెక్కడిది అప్పలసూరీ" అన్నవాళ్ళే అందరూ. దాని మీద కప్పిన ప్లాస్టిక్ కవరు చూసినప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతుంది.

పని నేర్పింది దాలయ్య. అప్పలసూరి పాతపట్నం దగ్గర రైతుల ఇంట్లో పుట్టి, ఇంటర్ తప్పి, విశాఖపట్నంలో ఒక ల్యాబ్‌లో ప్లాస్టర్ కలపడానికి చేరినప్పుడు అక్కడ పెద్ద మేస్త్రి దాలయ్యే. చెయ్యి చాలా గొప్పది, గుండె మాత్రం పిరికిది. "డాక్టరు పంపింది తప్పని నీకు తెలిస్తే తెలిసినాది, ఆయనకి మాత్రం సెప్పకు. తిప్పి పంపినావంటే రేపట్నుంచి ఆ పెట్టి ఇంకో ల్యాబ్‌కి ఎలిపోతాది. నువ్వే సర్దేయ్" అనేవాడు. శిష్యుడు ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. అతనికి తెలిసిన ల్యాబుల వాళ్ళందరిదీ ఇదే పద్ధతి. బైట్ తేడాగా వస్తే అటు కొంచెం జరిపి, ఇటు కొంచెం గీకి, పిన్ను కాస్త దించి సర్దేస్తారు. సర్దడమంటే ఏముంది, అబద్ధమాడటమే. నోటితో కాకుండా ప్లాస్టర్‌తో ఆడతారు.

మే నెల మొదటి వారంలో గజపతినగరం నుంచి ఒక పెట్టె వచ్చింది. పంపింది డాక్టరు రమేష్‌బాబు. ఆయన మనుషులు పెట్టెని ఎప్పుడూ డ్రైవరు పక్కన ఇంజిన్ మూత మీదే పెట్టిస్తారు, కళ్ళెదురుగా ఉంటే డ్రైవరు ఇవ్వడం మరిచిపోడని. ఎండాకాలంలో ఆ మూత మీద చెయ్యి ఆనించలేం. అలాంటి చోట మైనం పెట్టి పంపే బుద్ధిమంతుల్ని ఏమనాలి? అప్పలసూరి పెట్టె విప్పేసరికి గట్లు రెండూ మెత్తబడి, విడిపోయి, ఒకదాని మీద నుంచి ఒకటి జారి పడి ఉన్నాయి. కలిపి ఉంచడానికి డాక్టరు వాటికి గాట్లు పెట్టలేదు, పిన్నులూ గుచ్చలేదు. ఇలా పెడితే ఇలా కూర్చున్నాయి, అలా పెడితే అలా కూర్చున్నాయి, ఇంకోలా పెడితే ఇంకోలా కూర్చున్నాయి. చీటీ మీద మాత్రం "నారాయణమ్మ, 63 సం., అర్జెంట్" అని రాసి ఉంది.

అప్పలసూరి డాక్టరుని, బస్సుని, ఎండనీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాడు. పక్క గదిలో అచ్చులు నునుపు పెడుతున్న భార్య ఈశ్వరి "ఫోన్ సేసి సెప్పరాదా, ఎందుకలగ అరుస్తావు?" అంది. అతను ఫోను తీశాడు. డాక్టరు పేరు దాకా వెళ్ళాడు. ఆగాడు. గజపతినగరం వైపు నుంచి నెలకి పదిహేను ఇరవై పెట్టెలు వస్తాయి. ఫోను బల్ల మీద పడేసి, గట్లని తనకి తోచిన తీరులో కలిపి, ఇనుప దవడ మీద ప్లాస్టర్ వేసేశాడు. ముందు వైపు మూడు పళ్ళు మైనంలో గుచ్చేసరికే కింది దవడ కాస్త ముందుకు వచ్చినట్టు అనుమానం తగిలింది. సర్దేశాడు.

మైనంలో గుచ్చిన పళ్ళు రోగి నోట్లో పెట్టి చూశానని, ట్రయల్ బాగుందని డాక్టరు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. సెట్టు పూర్తి చేసి పంపాడు. రెండు వారాలకి అది తిరిగి వచ్చింది, వెనకే డాక్టరు ఫోను కూడా వచ్చింది. "ఏంటి అప్పలసూరీ, సెట్టు కూర్చోవట్లేదు, నమిలితే జారిపోతోందంటోంది."

అప్పుడన్నా నిజం చెప్పొచ్చు. "ఆ దవడ మంచిది కాదు సార్. ఎముకే నేదు. ఎవులు సేసినా ఇంతే" అనేశాడు అప్పలసూరి. సెట్టు ఆనుకునే ఎముక ఎత్తు అచ్చులో కావలసినంత కనబడుతూనే ఉంది. అన్నాడు, ఫోను పెట్టేశాడు, మధ్యాహ్నం భోజనం వేళకి ఆ మాటే మరిచిపోయాడు. సెట్టు లోపల ప్లాస్టర్ అచ్చు పోసుకుని, దాన్ని మళ్ళీ పాత బైట్ మీదే ఇనుప దవడకి ఎక్కించి, పళ్ళు రెండు చోట్ల అరగదీసి పంపాడు. జులైలో ఇంకోసారి తిరిగొచ్చింది. ఆగస్టులో ఇంకోసారి. వచ్చిన ప్రతిసారీ ఇనుప దవడ మీద పెట్టి చూసేవాడు, అక్కడ చక్కగా కూర్చునేది, కోపంగా కట్టి పంపేసేవాడు.

సెప్టెంబరు నెలాఖరులో ఒక మంగళవారం ఉదయం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఎండకి నల్లబడ్డ సన్నటి మనిషి, చేతిలో గుడ్డ సంచీ, రెండు బుగ్గలూ లోపలికి పోయి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి గది నాలుగు మూలలా చూసింది.

"అప్పలసూరంటే ఎవులు?"

"నానే. ఏటమ్మా పని?"

"నా నోరు పాడు సేసినోడివి నువ్వేనా?"

ఇరవై ఆరేళ్ళలో అతని మెట్లెక్కి వచ్చిన మొదటి రోగి ఆవిడే. సంచీలోంచి స్టీలు డబ్బీ తీసి, మూత విప్పి, సెట్టు బల్ల మీద పెట్టింది. పెట్టడమేమిటి, పడేసింది. ల్యాబ్ చిరునామా ఉన్న అట్టపెట్టె మూత కూడా చింపి తెచ్చుకుంది, దారి అడగడానికి.

"నాలుగు నెల్లయినాది నాను బువ్వ నమిలి. అంబలి తాగి బతుకుతన్నాను. ఇది ఎట్టుకుంటే సిగుళ్ళు పుళ్ళయిపోతన్నాయి. తీసి పక్కనెడితే మా కోడలు, ఇంత తిరిగి కట్టించినాం, ఎట్టుకోడానికి నీకేటొచ్చినాది అంటాది. డాక్టరు బాబు నా దవడే మంచిది కాదన్నాడు. ఎముకే నేదంట. ఎవులు సేసినా ఇంతేనంట. మా ఇంట్లో ఇప్పుడందరిదీ అదే మాట, మా ఈదిలో అదే మాట. సోకులకి కట్టించుకుని నసుగుతన్నాది ముసిల్దని పేరెట్టేసినారు. అందరి ముందరా నమల్లేక పశువుల సాలకి పోయి తాగుతన్నాను అంబలి. మొన్న మల్లీ ఎల్తే ఆ డాక్టరే, ల్యాబోడి తప్పన్నాడు. ఏది నిజిం సెప్పు. నా దవడా, నువ్వా?"

ఎవరు చేసినా ఇంతే. తను జూన్‌లో ఫోనులో పారేసిన మాట ముప్పై కిలోమీటర్లు పోయి, ఒక ఇంట్లో దూరి, ఒక వీధంతా తిరిగి తన గుమ్మంలోకే వచ్చింది. అప్పలసూరికి చెవులు వేడెక్కాయి. కానీ సిగ్గు ఉన్న చోటుకి కోపం ఎంత వేగంగా వచ్చి కూర్చుంటుందో అతనిలాంటివాళ్ళకే తెలుసు. ల్యాబోడి తప్పన్నాడా! అతనికి ఆ ముక్క ఒక్కటే వినబడింది.

"ఇలగ రా అమ్మా. నీ కళ్ళతో నువ్వే సూడు" అని, ఆవిడ సెట్టు తీసి ఇనుప దవడ మీదున్న అచ్చులకి తొడిగి, పై చట్రం దించాడు. టక్కుమని కలిసింది. వెనక పళ్ళు వెనక, ముందు పళ్ళు ముందు, పిన్ను పళ్ళెంలో నిటారుగా నిలబడింది. పక్కకి జరిపి చూపించాడు. "ఎంత బాగా కూకున్నాదో సూసినావా? నా పనిలో తప్పుంటే ఈ మెసీను మీదే తెలిసిపోతాది."

నారాయణమ్మ వంగి చూసింది. ఇటు నుంచి చూసి, అటు నుంచి కూడా చూసింది.

"అయితే దానికే ఎట్టు. నా బువ్వ కూడా అదే తింటాది" అంది.

మంచినీళ్ళు తెచ్చిన ఈశ్వరి నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పలసూరి భార్య వైపు గుర్రుగా చూశాడు. "ఏటి సూస్తావు? ఆయమ్మ అన్నదాంట్లో తప్పేటున్నాది? నోరు ఆయమ్మది, ఇనుంది కాదు" అంది ఈశ్వరి, చెంబు నారాయణమ్మ చేతికిస్తూ.

"నువ్వే సరి సేసి ఈయ్. నాను కూకుంటాను" అంది నారాయణమ్మ.

"నాను నోట్లో సెయ్యి ఎట్టకూడదమ్మా. అది డాక్టరు పని." ఈ ఒక్క నియమం మాత్రం అతను ఎన్నడూ తప్పలేదు. సర్టిఫికెట్ లేకుండా జనం నోళ్ళల్లో వేళ్ళు పెట్టి పళ్ళు కట్టేవాళ్ళంటే అతనికి అసహ్యం. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఇంక ఆగలేకపోయాడు. ఇనుప దవడని తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టాడు, ప్లాస్టర్ పొట్లం, రబ్బరు గిన్నె, కరణె పెట్టాడు. "పదమ్మా. ఆ డాక్టరు కాడికే పోదాం. తప్పెవులిదో ఆయన ముందరే తేలిపోవాల."

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. డాక్టరుని ఏమేం అడగాలో అప్పలసూరి లోపల లోపల వల్లె వేసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ కసి ఉంది కదా, మాటలకి కరువేముంది. ఇంజిన్ మూత మీద ఎవరిదో పెట్టె ఒకటి ఎగిరెగిరి పడుతోంది. అది చూసి ఇంకా రగిలిపోయాడు.

గజపతినగరంలో మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పక్కన రమేష్‌బాబు క్లినిక్. బయట బెంచీల మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. అప్పలసూరి చెప్పులు విడిచి తిన్నగా లోపలికి వెళ్ళిపోయాడు.

డాక్టరు చేతి తొడుగులు మార్చుకుంటూ తిరిగి చూసి తెల్లబోయాడు. "ఏంటి అప్పలసూరీ, చెప్పా పెట్టకుండా? పేషెంట్‌ని ల్యాబ్‌కి పిలిపించుకుంటున్నావా?"

"నాను పిలవలేదు సార్. మీరు తప్పు నాదన్నారంట, అడగడానికి ఆయమ్మే ఒచ్చినాది. మూడుసార్లు తిప్పి పంపినారు, మూడుసార్లు సూసినాను. మీ బైట్‌కి నా పళ్ళు సరిపోయినాయి. మీరిచ్చిన బైటే తప్పు. ఒక్కసారి మల్లీ తియ్యండి. నా ముందర తియ్యండి."

"నాకు నువ్వు నేర్పుతావా?"

"నేర్సుకుంటే తప్పేటి సార్?"

గది గుమ్మంలోకి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. డాక్టరు మొహం ఎర్రబడింది. బయటికి పొమ్మనబోయాడు కానీ, నారాయణమ్మ అప్పటికే కుర్చీ ఎక్కి తల వెనక్కి వాల్చేసింది. "తియ్యి బాబూ. తీస్తే పోయేదేటున్నాది? నా నోరే కదా" అంది, బయట బెంచీల దాకా వినబడేలా.

డాక్టరు విసురుగా సెట్టు ఆవిడ నోట్లో పెట్టి, కింది పళ్ళ మీద వేడి మైనం పరిచి "నోరు మూయండమ్మా" అన్నాడు. ఆవిడ మూసింది. అప్పలసూరి ఒక మనిషి నోరు మూసుకోవడం అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఆవిడ మూస్తూ మూస్తూ గడ్డం ముందుకు తోసింది. పళ్ళు పోయాక ఏళ్ళ తరబడి ముందు చిగుళ్ళతోనే చప్పరించి తిన్న నోరది, దానికి అదే అలవాటు.

"సార్, గడ్డం ముందుకొస్తన్నాది."

డాక్టరు చెయ్యి ఆగింది. మైనం తీసేసి, కొత్త మైనం పెట్టి, ఈసారి గడ్డం మీద బొటనవేలు ఆనించి, "నాలిక చివర పై అంగిట్లో వెనక్కి పెట్టండమ్మా, అలాగే ఉంచి గుటక వెయ్యండి" అన్నాడు. మొదటిసారి కుదరలేదు. రెండోసారీ జారింది. మూడోసారి దవడ దానంతట అది వెనక్కి పోయి తన చోట ఆగింది. చన్నీళ్ళు కొట్టి మైనం గట్టిపరిచి జాగ్రత్తగా బయటికి తీశాడు. అంతా కలిపి అర్ధగంట పట్టింది.

పనిముట్ల బల్ల మీదే అప్పలసూరి కింది అచ్చుని కరణెతో కొట్టి ఊడదీసి, ప్లాస్టర్ కలిపి, ఆ కొత్త బైట్ ప్రకారం ఇనుప దవడకి బిగించాడు. ప్లాస్టర్ గట్టిపడేదాకా ఆగాడు. తర్వాత మైనం తీసేసి పై చట్రం దించాడు.

పళ్ళు కలవలేదు. పై ముందు పళ్ళు కింది వాటికన్నా కందిగింజంత ముందుకి పొడుచుకొచ్చి నిలబడ్డాయి. వెనక పళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కాయి. పిన్ను పళ్ళేన్ని తాకకుండా గాలిలో ఆగిపోయింది. నాలుగు నెలలు ఆవిడ నోట్లో జరిగిందంతా అక్కడ బల్ల మీద కనబడుతోంది. రమేష్‌బాబు కళ్ళజోడు తీసి దాని ముందు వంగి చాలాసేపు చూశాడు.

అప్పలసూరికి ఇంతకన్నా ఏం కావాలి? "సూసినారా సార్? గడ్డం ముందుకొస్తే సూసుకోనేదు. గట్లకి గాట్లెట్టనేదు. ఎండలో ఇంజిన్ మీద ఎట్టి పంపినారు. మైనం ఇడిపోయి ఒచ్చినాది నా కాడికి. మూడు రకాలుగా కూకున్నాది. అలగొచ్చిందాన్ని నాను ఏటి సేసేది?"

డాక్టరు తలెత్తాడు. "విడిపోయి వచ్చిందా?"

"మరేటి! పెట్టి ఇప్పేతలికే ఇడిపోయున్నాది."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదేం?"

అప్పలసూరి వంగి బల్ల మీద రాలిన ప్లాస్టర్ ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు ఎంతసేపు పట్టింది? అర్ధగంట. మే నెలలో నువ్వు ఒక్క ఫోన్ చేసుంటే ఆ అర్ధగంటతో అప్పుడే అయిపోయేది" అన్నాడు డాక్టరు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

కుర్చీలోంచి నారాయణమ్మ ఒకసారి డాక్టరుని, ఒకసారి అప్పలసూరినీ చూసింది. "అంటే నీకు ముందే తెలుసన్నమాట" అంది. అడిగినట్టు కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు. దిగి, చీర సర్దుకుని, ఎప్పుడు రావాలో అడిగి వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో అప్పలసూరి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొట్టుమిట్టాడాడు. డాక్టరు మీద పెడదామనుకుంటే ఆ ఒక్క ప్రశ్న అడ్డొచ్చింది. దాలయ్య మీద పెడదామనుకుంటే ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఫోను చెయ్యొద్దని దాలయ్య ఈ మే నెలలో వచ్చి చెయ్యి పట్టుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా నన్నెవరూ మనిషిలా చూడరని కాలిపోతూ వచ్చినవాడు, పెట్టెలో వచ్చిన నారాయణమ్మని తను మనిషిలా చూశాడా? చీటీ మీద ఒక పేరు, ఒక వయసు. ఎముక లేదని అంత తేలిగ్గా ఎలా అనేశాడు?

వారం రోజులు వేరే పని ముట్టకుండా ఆ సెట్టే చేశాడు. పాత పళ్ళు ఒక్కటి కూడా ఉంచలేదు. పిన్ను కదలకుండా మర బిగించి, పన్ను పెట్టిన ప్రతిసారీ మూసి చూశాడు, ముందుకి జరిపి చూశాడు, రెండు పక్కలకీ జరిపి చూశాడు. పెట్టె బస్సుకి ఇవ్వలేదు, తనే పట్టుకెళ్ళాడు. ట్రయల్‌కి డాక్టరే "నువ్వూ ఉండు" అన్నాడు. ఇద్దరూ కలిసి గడ్డం చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కొత్త సెట్టు పెట్టిన నాలుగో రోజు చూపించుకోవడానికి నారాయణమ్మ మళ్ళీ వచ్చింది. అప్పలసూరి కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. "నొప్పుందా అమ్మా?" అని డాక్టరు అడిగితే ఆవిడ సంచీలోంచి క్యారేజీ తీసింది. అందులో అన్నం, గోరుచిక్కుడు కూర ఉన్నాయి. కుర్చీలోనే కూర్చుని కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ఒక పక్క నమిలింది, ఇంకో పక్క నమిలింది. పీచు ఉన్న కాయల్ని వెతికి మరీ నోట్లో పెట్టుకుంది. డాక్టరు ఒక గోడకి, అప్పలసూరి ఇంకో గోడకి ఆనుకుని నిలబడి చూశారు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆవిడ తలెత్తలేదు.

అప్పుడు చెయ్యి డబ్బా మీదే ఉంచి డాక్టరుని అడిగింది. "మరి నా దవడ మంచిది కాదన్నావు కదా బాబూ?"

"అదీ... అమ్మా..." డాక్టరు కళ్ళు ఒక్క క్షణం అప్పలసూరి వైపు తిరిగి, మళ్ళీ నేల మీదికి పోయాయి. ఆయన చెప్పడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆవిడకి ఆ మాట చెప్పిన నోరు డాక్టరుదే, ఆయన నెత్తిన ఉండనిస్తే సరిపోతుంది. ఇంతకాలం తన నెత్తిన రుద్దినవి ఎన్ని లేవు! అప్పలసూరికి ఆ ఆశ కలిగింది, కలగలేదంటే అబద్ధం.

"ఆ మాట డాక్టరు గారిది కాదమ్మా, నాది" అన్నాడు. "నానే ఫోన్లో సెప్పినాను ఆయనకి. నీ దవడకేటీ అవ్వనేదు. నాకు పెట్టిలు ఆగిపోతాయని బయమేసి, తప్పు నీ మీదికి తోసేసినాను."

నారాయణమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. క్యారేజీ మూత పెట్టి సంచీలో వేసుకుంది. తిడుతుందని అతను తయారుగా నిలబడ్డాడు. తిడితే తేలిపోతుందనుకున్నాడు.

"నాకెందుకు సెప్తావు? నా దవడ సంగతి నాకు తెలీదేటి? నడు, మా ఇంటికాడ సెప్పు" అంది.

"ఇంటికాడా?"

"మా కోడలు ముందర. నాలుగు నెలలు అబద్దాలకోరునైపోయినాను ఆ ఇంట్లో. నువ్వు ఎట్టిన పేరు నువ్వే తియ్యాల."

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఊరు ఆరు కిలోమీటర్లు. ఇంటి ముందు అరుగు మీద కోడలు ధనలక్ష్మి చేటతో పెసలు చెరుగుతోంది. పక్కింటి ఆడవాళ్ళిద్దరు కబుర్లకి కూర్చుని ఉన్నారు. నారాయణమ్మ కొడుకు తిరుమలరావు పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ప్యాంటు చొక్కా వేసుకున్న మనిషిని అత్త వెంటబెట్టుకు రావడం చూసి అందరూ తలలెత్తారు.

డాక్టర్ల మీద ఇంత పొడుగు నోరు వేసుకుని అరిచిన అప్పలసూరి, చేటలో పెసల వైపు చూస్తూ రెండు ముక్కలు గొణిగాడు. పళ్ళు తను చేసినవేనని, కొంచెం తేడా వచ్చిందని, పెద్దావిడ దవడలో లోపమేమీ లేదని.

"పోన్లెండి బాబూ, ఇప్పుడు బాగానే ఉన్నాయి కదా. ఏదో అయిపోయినాది" అంది ధనలక్ష్మి నవ్వు మొహంతో. "కూకోండి, టీ ఎడతాను." పక్కింటి వాళ్ళు కూడా "అవునవును" అన్నారు. తిరుమలరావు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కుర్చీ లాగాడు. ఇంకొక్క నిమిషంలో అందరూ టీ తాగేసి, ఆ మాట అక్కడితో సరిపెట్టేసేవాళ్ళే.

"టీ తరవాత" అంది నారాయణమ్మ. ఆవిడ ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది. "మల్లీ సెప్పు. ఈలకి ఇనబడ్నేదు."

అప్పలసూరి కుర్చీ వదిలేసి వాకిట్లోకి వచ్చాడు. ఎదురింటి వాళ్ళకి కూడా వినబడాలని గొంతు పెంచాడు.

"నా పేరు అప్పలసూరి. ఈయమ్మ పళ్ళు సేసింది నానే. తప్పని తెలిసే సేసినాను, తెలిసే పంపినాను. దవడ మంచిది కాదని అబద్దమాడింది నానే. ఈయమ్మ నాలుగు నెలలు సెప్పిందంతా నిజిం."

ధనలక్ష్మి చేతిలో చేట ఆగిపోయింది. ఎదురు గుమ్మంలో ఎవరో తలుపు తీసి నిలబడ్డారు. నారాయణమ్మ అప్పలసూరి వైపు తిరగనైనా తిరగలేదు. కోడలి వైపే చూస్తూ అడిగింది.

"ఇన్నావా?"

"ఇన్నానత్తా" అంది ధనలక్ష్మి, తల దించుకుని.